ఆముదం తాగే చిన్న ఇంజన్



గద్వాల మార్కెట్ యార్డులో ఆముదాల ధర ఎంత పలికిందో మన వైపు చాలామందికి నోటి మీదే ఉంటుంది. ఆ గింజలు మిల్లుకు పోయాక ఏమవుతాయని అడిగితే సబ్బులు, రంగులు, మందులు, గ్రీజు అని చెబుతారు. ఇంకో చోటికి కూడా పోతాయి. ఈ పూట ముచ్చట దాని గురించే.

అరచేతిలో ఇమిడే ఇంజన్ ఒకటుంది. నాలుగైదు అడుగుల రెక్కలున్న నమూనా విమానం ముక్కుకు దాన్ని బిగిస్తారు. లోపల పిస్టను, రింగు, క్యాం షాఫ్టు, పుష్ రాడ్లు, రాకర్లు, రెండు వాల్వులు. బుల్లెట్ మోటార్ సైకిల్లో ఏమేమి ఉంటాయో దాదాపు అవన్నీ వేలెడంత కొలతలో ఉంటాయి. ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజన్. దీని ఇంధనంలో సుమారు ఐదో వంతు నూనె, ఆ నూనెలో కొంత భాగమో మొత్తమో ఆముదం.

విమానానికి ఆముదం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వాళ్ల నోమ్, లె రోన్ ఇంజన్లు ఆముదంతోనే నడిచాయి. వాటిలో క్రాంకు విమానానికి బిగించి ఉంటుంది, సిలిండర్లే పంకాతో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి క్రాంకు గదిలోంచి పోతుంది కాబట్టి మామూలు మినరల్ ఆయిల్ పోస్తే పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో సరిగా కరగదు. అందుకే దాన్ని ఎంచుకున్నారు. వాడిన నూనెను మళ్లీ పట్టుకునే ఏర్పాటు లేదు, కాలగా మిగిలింది గాలిలోకి చిమ్మేది, తెరిచిన కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్ ముఖం మీద పడేది. ఆ తుంపర్లు మింగిన పైలట్ల కడుపుల సంగతి చిన్నప్పుడు అవ్వ చేతి ఆముదం తాగిన వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

మన చిన్న ఇంజన్ పెట్రోలుతో నడవదు, మిథనాల్‌తో నడుస్తుంది. మిథనాల్‌లో ఆముదం చక్కగా కలిసిపోతుంది. అక్కడ కలవనందుకు పనికొచ్చిన నూనె ఇక్కడ కలిసినందుకు పనికొస్తోంది. అదీ విచిత్రం.

నమూనా విమానాలకు చాలాకాలం టూ స్ట్రోక్ ఇంజన్లే దిక్కు. తేలిక, చవక, బలం ఎక్కువ. కానీ చెవులు చిల్లులు పడే మోత. జపాన్‌లోని ఒసాకాలో 1936లో షిగెయో ఒగావా మొదలుపెట్టిన ఓ.ఎస్. కంపెనీ 1976లో ఎఫ్.ఎస్.-60 అనే పది సీసీల ఫోర్ స్ట్రోక్‌ను అమ్మకానికి పెట్టింది. అంతకుముందు కూడా కొందరు ప్రయత్నించారు గానీ, దుకాణంలో కొని తెచ్చి నమ్మకంగా ఎగరేయగలిగిన ఇంజన్ల కాలం దీనితోనే మొదలైంది. మూడేళ్లకు సైటో కంపెనీ కూడా ఈ దారిలోకి వచ్చింది. ఇవి అంతే సైజు టూ స్ట్రోక్ కన్నా బలంలో తక్కువ. అయితే పెద్ద పంకాను నిదానంగా, గట్టిగా తిప్పుతాయి, ఇంధనం తక్కువ తాగుతాయి. చప్పుడు అసలు విమానం చప్పుడుకు దగ్గరగా ఉంటుంది. చాలామంది వీటిని కొనేది ఆ చప్పుడు కోసమే, ఒప్పుకోకపోయినా.

ఇప్పుడు మన నడిగడ్డ సంగతి. కృష్ణ, తుంగభద్రల మధ్య ఈ నేల మీద కరెంటు మోటర్లు రాకముందు డీజిల్ ఇంజన్లతో నీళ్లు తోడారు. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, బైకులు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. గట్టులో, ఐజలో, ధరూర్‌లో రోడ్డు పక్క షెడ్డులో కూర్చున్న మెకానిక్కు ముందు ఈ బుల్లి ఇంజన్ పెడితే అందులో ఆయనకు కొత్త వస్తువు దాదాపు ఏదీ కనబడదు. వనపర్తి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన పిల్లలకూ అంతే. టీడీసీ (పిస్టను పైకొసకు వచ్చే చోటు) అన్నా, ట్యాపెట్ గ్యాప్ అన్నా, రింగు కూర్చోవడం అన్నా అర్థమవుతుంది. ఆ విద్య ఇక్కడ ముప్పాతిక పాలు అక్కరకొస్తుంది. మిగతా పావులోనే ఇంజన్ పాడయ్యేది. కాబట్టి ఎక్కడెక్కడ ఇది మన బైకు లాంటిది కాదో ముందు చెబుతాను.

ఇందులో స్పార్కు లేదు. మాగ్నెటో లేదు, కాయిల్ లేదు, టైమింగ్ పెట్టే పని లేదు. గ్లో ప్లగ్ ఉంటుంది. దాని మధ్యలో ప్లాటినం కలిసిన సన్నని తీగ చుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి ఆ తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేయవచ్చు. మిథనాల్ ఆవిరి ప్లాటినంను తాకితే అక్కడ రసాయన చర్య జరిగి వేడి పుడుతుంది. దానికి తోడు ప్రతిసారీ మండే మంట వేడి. ఈ రెండూ కలిసి తీగను ఎర్రగా నిలబెడతాయి. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మంట ఉంది కాబట్టి తీగకు చల్లారే వ్యవధి లేదు. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే మంట. పొగ బయటికి పోయే స్ట్రోకు, చల్లని మిక్చర్ లోపలికొచ్చే స్ట్రోకు, ఈ రెండూ గడిచేదాకా తీగ వేడిని దాచుకోవాలి. అందుకని ఫోర్ స్ట్రోక్‌లకు వేడి నిలుపుకునే ప్లగ్గు వేరేగా చేస్తారు. టూ స్ట్రోక్ ప్లగ్గు బిగిస్తే స్లోలో ఆగిపోతుంది. స్లోలో ఆగిందని కార్బొరేటర్ తిప్పుతూ కూర్చుంటే రోజంతా గడిచిపోతుంది గానీ జబ్బు దొరకదు.

ఆయిల్ చాంబరు లేదు. ఇది ఇంకా ముఖ్యం. బైకులో కింద ఒక లీటరు దాకా ఆయిల్ ఉంటుంది, పంపు దాన్ని పైకి తోస్తుంది. ఇక్కడ ఇంధనంలో కలిసి వచ్చిన నూనె తప్ప వేరే నూనె లేదు. రింగు పక్కనుంచి కిందికి జారిన కొంచెం నూనెతోనే క్యాం, బేరింగులు, క్రాంకు తడవాలి. మిగిలినది కింద బ్రీదర్ గొట్టం నుంచి చుక్కలుగా బయటికొస్తుంది. బైకు బ్రీదర్‌లో ఆయిల్ కనబడితే రింగులు పోయాయని అంటాం. ఇక్కడ బ్రీదర్ తడిగా లేకపోతేనే కంగారు పడాలి.

మూడోది ఎయిర్ ఫిల్టర్. అది కూడా లేదు. కార్బొరేటర్ నోరు నేరుగా గాలికి తెరిచి ఉంటుంది. పచ్చగడ్డి మైదానాల మీద ఎగరేసే దేశాల్లో ఇది పెద్ద విషయం కాదు. మన ఎర్ర చెలకలో వేసవిలో పంకా తిరిగిందంటే నేల మీది దుమ్మంతా లేస్తుంది. అది ఉత్త మన్ను కాదు, అందులో ఇసుక ఉంది. ఇసుకా ఆముదమూ కలిసి గ్రైండింగ్ పేస్టు తయారవుతుంది. కొత్త రింగు ఒక్క పూటలో అరిగిపోతుంది. అందుకని ఇంజన్‌ను నేల మీద పెట్టి నడపవద్దు. నడుమెత్తు బల్లకు స్టాండు బిగించి, బల్ల బరువుగా ఉండేలా చూసి, చుట్టూ వాకిలి చల్లినట్టు నీళ్లు చల్లి, పంకా ముందు పక్క తడిపిన గోనెసంచులు పరిచాకే మొదలుపెట్టండి.

ఇక ఇంధనం. మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ఇంకొంచెమైతే ప్రాణం పోతుంది. కల్తీ సారా చావుల వార్తల్లో తరచూ వినే పేరు ఇదే. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది కాబట్టి చేతికి గ్లౌజులుండాలి. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోసి ఉంచకూడదు. పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. ఇంకోటి, మిథనాల్ మంట పగటి వెలుతురులో కనిపించదు. అంటుకున్న సంగతి చేతికి వేడి తగిలేదాకా తెలియదు. ఎండలో ఇంధనం ఒలికితే నీళ్లు పోసి కడిగాకే ప్లగ్గుకు బ్యాటరీ తగిలించండి. మిథనాల్ నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి బకెట్ నీళ్లు పక్కనుంటే చాలా వరకు ధైర్యం.

తీగతో కట్టి గుండ్రంగా తిప్పే విమానాల (కంట్రోల్ లైన్) వేగ పోటీల్లో అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పెట్టిన ఇంధనం లెక్క చాలా సాదా: నూటికి ఎనభై మిథనాల్, ఇరవై ఆముదం. ఫోర్ స్ట్రోక్‌లకు నైట్రోమీథేన్ ఐదు నుంచి పదిహేను శాతం కలిపిన ఇంధనం అమ్ముతారు. నైట్రో ఉంటే స్లో నిలకడగా ఉంటుంది, స్టార్టింగ్ తేలిక. అది చాలా ఖరీదు, కలుపుకోవడం కూడా అందరూ చేయదగ్గ పని కాదు. కంపెనీ పుస్తకంలో రాసిన శాతానికి దగ్గరగా ఉన్న తయారు ఇంధనం కొనుక్కోవడమే మేలు.

ఆముదం మన దగ్గరే పండుతుంది కదా, ఇంట్లో వండిన ఆముదం పోయవచ్చా అని అడుగుతారేమో. వద్దు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసే వంటాముదంలో తడి మిగులుతుంది, జిగురు మిగులుతుంది. తలకు, కాళ్లకు రాసుకోవడానికి అది బంగారం. ఇంజన్‌కు కావలసింది చల్లగా పిండి, వడకట్టి, జిగురు తీసిన తేట నూనె. ఆముదంలో ఎనభై ఐదు నుంచి తొంభై శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. ఏ వంటనూనెలోనూ ఇంత ఉండదు. లోహాన్ని పట్టుకుని వదలని గుణం దానివల్లే. ఇంజన్ వేడి మితిమీరినప్పుడు సింథటిక్ ఆయిల్ కాలి పోతుంది, ఆముదం చిక్కబడి పొరలా అంటుకుని లోహాన్ని కాస్తుంది. ఆ పొరే తర్వాత గోధుమ రంగు వార్నిష్‌గా గట్టిపడి వాల్వు కాడలకు పడితే తిప్పలు. అందుకే ఇప్పుడు ఎక్కువమంది రెండూ కలిపిన నూనె వాడుతున్నారు. నా ఓటు కూడా దానికే, అయితే కొత్త ఇంజన్ సెట్టయ్యేదాకా ఆముదం పాలు కొంచెం ఎక్కువ ఉండాలంటాను.

ఆముదం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. మన వైపు ఆముదం రైతుకు తెలిసిన క్రాంతి, హరిత, కిరణ్ లాంటి రకాలు, పీసీహెచ్-111 హైబ్రిడ్ అక్కడ పుట్టినవే. గింజలో సగం దాకా నూనె ఉంటుంది. నూనె తీసిన పిండి పశువులకు పెట్టరాదు, అందులో విషం మిగులుతుంది. ఒకప్పటి ఆముదం చెలకల్లో చాలా చోట్ల ఇప్పుడు పత్తి, విత్తనపత్తి నిలబడ్డాయి. దాసరి పురుగు, గెలలకు బూజు, ధర ఊగిసలాట, ఎన్నో కారణాలు. అది వేరే ప్రసంగం.

ఇంజన్ దగ్గరికి వద్దాం. కొత్త ఇంజన్‌ను ఎందుకు సెట్టు చేయాలి? సిలిండర్ లోపలి గోడ కంటికి నున్నగా కనిపించినా దాని మీద సన్నని గరుకు ఉంటుంది, కావాలనే ఉంచుతారు. రింగు ఆ గరుకు మీద రాసుకుని, ఎత్తుపల్లాలు తరుక్కుని, గోడకు సరిపోయిన ముఖం తెచ్చుకోవాలి. ఆ రాపిడిలో వేడి ఎక్కువ పుడుతుంది, సన్నని లోహపు పొడి రాలుతుంది. వేడిని మోసుకుపోవడానికీ పొడిని కడిగేయడానికీ నూనె కావాలి. నూనె ఇంధనంలోనే ఉంది కాబట్టి మొదట్లో ఇంధనం ఎక్కువ పోయించి, అంటే రిచ్‌గా నడపాలి. మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు బోలెడు వేడిని లాగేసుకుంటుంది. రిచ్ మిక్చర్ అంటే చల్లదనం, నూనె రెండూ కలిసి వచ్చినట్టు.

ఇక్కడ మన వాళ్లలో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. బైకు షోరూం నుంచి తెచ్చిన రోజే కర్నూలు రోడ్డు మీద తొంభై కొట్టేవాళ్లు ఒక రకం. కొత్త ట్రాక్టరు తెచ్చి ఆర్నెల్లు ఖాళీ ట్రాలీతో ఊళ్లో తిప్పేవాళ్లు ఇంకో రకం. మొదటివాళ్ల ఇంజన్ తొందరగా బోరుకొస్తుందని అందరికీ తెలుసు. రెండోవాళ్ల ఇంజన్ కూడా ఆయిల్ తాగుతుంది, పికప్ రాదు. ఎందుకంటే రింగును గోడకు నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు, మంట ఒత్తిడి రింగు వెనక్కి చేరి నొక్కుతుంది. లోడు లేకపోతే ఆ ఒత్తిడి లేదు. రింగు కూర్చోదు, గోడ మీద నూనె మాడి అద్దంలా మెరుస్తుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా కూర్చోదు. నమూనా ఇంజన్‌కూ ఇదే వర్తిస్తుంది. గంటలు గంటలు తడితడిగా నడిపి అదే జాగ్రత్త అనుకునే వాళ్లను చూశాను. అది జాగ్రత్త కాదని గట్టిగా చెప్పగలను. ఇంజన్‌కు కావలసింది కాసేపు వేడి, కాసేపు చల్లదనం, మళ్లీ వేడి. లోహం పెరుగుతూ తగ్గుతూ తన కొలతకు వస్తుంది.

పది సీసీ ఇంజన్ అనుకుందాం. పన్నెండు అంగుళాల పొడవు, ఆరు అంగుళాల పిచ్ పంకా సరిపోతుంది. కంపెనీ చెప్పిన దానికన్నా మరీ చిన్నది వద్దు, ఇంజన్ అదుపు తప్పి తిరుగుతుంది. ట్యాంకు మధ్య గీత కార్బొరేటర్ సూది ఎత్తులో కానీ, కాస్త కిందగా కానీ ఉండాలి. పైన ఉంటే ఇంధనం దానంతటదే దిగి సిలిండర్ నిండుతుంది. నిండిన సిలిండర్‌ను చేత్తో కానీ స్టార్టర్‌తో కానీ బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ద్రవం నొక్కితే నలగదు కదా. పంకా తిప్పేటప్పుడు ఒక చోట మొండిగా ఆగితే ప్లగ్గు విప్పి, ఇంజన్‌ను తలకిందులు చేసి, ఇంధనం కార్చేయండి.

ఇంధనాన్ని అదుపు చేసే మెయిన్ సూదిని కంపెనీ చెప్పినదానికన్నా అర చుట్టు ఎక్కువ తెరిచి స్టార్ట్ చేయాలి. వేలితో తిప్పకండి, మందమైన కర్రతో కొట్టండి. ఈ ఇంజన్లు వెనక్కి కొడతాయి, వేలు పోయిన వాళ్లున్నారు. అందుకున్నాక థ్రాటిల్ మూడో వంతు, నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటకుండా ఒక పది నిమిషాలు. పొగ తెల్లగా, చిక్కగా రావాలి, సైలెన్సర్ నుంచి నూనె కారాలి. తర్వాత ఆపి, సిలిండర్ మీద చెయ్యి పెట్టగలిగేదాకా చల్లారనివ్వాలి. ఇక్కడే ఓపిక తప్పుతుంది. తర్వాతి పది నిమిషాల్లో మధ్యమధ్య అయిదారు సెకన్లు థ్రాటిల్ పూర్తిగా తెరిచి మళ్లీ మూయాలి, సూది మాత్రం రిచ్‌లోనే. తర్వాత ఆ పూర్తి థ్రాటిల్ సమయం పదిహేను సెకన్లు, అర నిమిషం, అలా పెంచుతూ సూదిని రెండు మూడు గంట్లు (క్లిక్కులు) మూస్తూ పోవాలి. అన్నీ కలిపి ముప్పావు గంట చాలు. ఇంజన్‌కు మిగతా సెట్టింగు గాలిలోనే జరుగుతుంది, మొదటి కొన్నిసార్లు రిచ్‌గా ఎగరేస్తే.

నూనె రంగు చూస్తూ ఉండండి. మొదట బూడిద రంగులో నల్లగా వస్తుంది, అది రాలిన లోహపు పొడి. ముప్పావు గంట గడిచేసరికి తేటపడాలి. ఎంతకీ తేటపడకపోతే లోపల ఏదో తినేస్తోందన్నమాట, ఆపి విప్పించండి.

సెట్టయ్యాక పూర్తిగా చల్లారాక ట్యాపెట్లు చూడాలి. ఇంకా వేడిగా ఉండగా చూస్తే లెక్క తప్పుతుంది. సిలిండర్ అల్యూమినియం, పుష్ రాడ్ ఉక్కు. అల్యూమినియం వేడికి ఎక్కువ పెరుగుతుంది కాబట్టి వేడి మీద గ్యాప్ పెరిగి కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టను కంప్రెషన్ స్ట్రోకులో పైకి వచ్చేలా పంకా తిప్పి, రెండు రాకర్లూ వదులుగా ఉన్నాయని చూసుకుని, ఫీలర్ గేజ్ పెట్టాలి. ఈ ఇంజన్లకు సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతులు నాలుగు నుంచి పది వరకు. నోటు పుస్తకంలో కాగితం మందం దాదాపు ఆ పది. గ్యాప్ ఎక్కువైతే టకటకమని చప్పుడు, వాల్వు తక్కువ తెరుచుకుని బలం తగ్గుతుంది. గ్యాప్ లేకుండా బిగిస్తే చప్పుడేమీ రాదు, చెవికి ఎంతో బాగుంటుంది, కానీ వాల్వు సీటు మీద కూర్చోక కంప్రెషన్ జారిపోతుంది, ఎగ్జాస్టు వాల్వు మాడుతుంది. చప్పుడు చేసే ట్యాపెట్‌ను మన్నించవచ్చు, చప్పుడు చేయని దానిమీదే కన్ను వేయాలి. పాత బుల్లెట్ మెకానిక్కులకు ఈ మాట కొత్త కాదు.

ఇక ట్యూనింగు. ముందు పైవేగం, తర్వాత స్లో. ఈ వరస తప్పితే రెండు సూదులూ తిప్పుకుంటూ చీకటి పడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక థ్రాటిల్ పూర్తిగా తెరిచి మెయిన్ సూదిని ఒక్కొక్క గంటే మూస్తూ రావాలి. వేగం పెరుగుతూ వచ్చి ఒక చోట ఇక పెరగదు. ఆ శిఖరం దగ్గర ఆగకూడదు. అక్కణ్నుంచి సూదిని తెరిచి నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తగ్గేలా వదలాలి. టూ స్ట్రోక్ అయితే రిచ్ నుంచి లీన్‌లోకి, అంటే ఇంధనం తక్కువైన మిక్చర్‌లోకి, మారేటప్పుడు గొంతు మారుతుంది, చెవికి పట్టుబడుతుంది. ఫోర్ స్ట్రోక్‌కు ఆ గొంతు మార్పు లేదు. లీన్ అయిందని ముందు చెప్పదు. ఉన్నట్టుండి టప్‌మని వెనక్కి తన్నుతుంది, పంకా నట్టు వదులై పంకా ఎగిరిపోతుంది. అందుకే ఈ ఇంజన్లకు రెండు నట్లు, ఒకదాని మీద ఒకటి బిగించి ఇస్తారు. రెండో నట్టు ఎందుకులే అని డబ్బాలో పడేసేవాళ్ల పక్కన నేను నిలబడను.

అందువల్ల చెవి ఎంత గొప్పదైనా టాకోమీటరు కావాలి. వెలుతురుతో పంకా రెక్కలను లెక్కించే చిన్న పరికరం అది. అది సరిగా చూపుతోందా అని అనుమానం వస్తే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చోకు ఉన్న పాత ట్యూబులైటు మన యాభై సైకిళ్ల కరెంటుకు సెకనుకు వందసార్లు మినుకుతుంది. రెండు రెక్కల పంకాకు సెట్ చేసిన టాకోమీటరును దాని ముందు పెడితే సరిగ్గా మూడు వేలు చూపాలి.

పైవేగం కుదిరాక విమానం ముక్కును ఆకాశం వైపు నిలువుగా ఎత్తి, వెనక నుంచి గట్టిగా పట్టుకుని, పూర్తి థ్రాటిల్‌లో పది సెకన్లు చూడాలి. ట్యాంకు కిందికి పోయి ఇంధనం పైకి లాగాల్సి వస్తుంది. వేగం కొంచెం పెరిగితే మంచిది, పడిపోతే లీన్‌గా ఉంది, ఇంకో రెండు గంట్లు తెరవండి.

స్లో రెండు వేల నుంచి రెండున్నర వేల చుట్ల మధ్య ఉండాలి. స్లోలో ఉండగా ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టండి. వెంటనే ఆగిపోతే స్లో సూది లీన్. వేగం పెరుగుతూ పెరుగుతూ చాలాసేపటికి ఆగితే రిచ్. రెండు మూడు సెకన్లు నిలిచి, చిన్నగా ఎత్తుకుని, ఆగితే కుదిరింది. అర నిమిషం స్లోలో ఉంచి థ్రాటిల్ ఒక్కసారి తెరిస్తే తడబడకుండా అందుకోవాలి. గొంతులో నీళ్లున్నట్టు గురగురలాడితే రిచ్, గుటుక్కున ఆగితే లీన్.

మన ఎండలకు ఇంకో లెక్క ఉంది. నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నపు గాలి ఇరవై డిగ్రీల గాలి కన్నా సుమారు ఏడు శాతం పలచన. గాలి పలచనైతే మిక్చర్ దానంతటదే రిచ్ అవుతుంది, బలం తగ్గుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం సూది మూసి కుదిర్చిన ఇంజన్‌ను డిసెంబరు తెల్లవారుజామున అలాగే నడిపితే గాలి చిక్కబడి ఉంటుంది, ఇంజన్ లీన్ అవుతుంది, వెనక్కి తన్నుతుంది. చలి ఉదయం మొదటి పని సూదిని రెండు గంట్లు తెరవడం. ఎంత ఎండలోనైనా కుదిర్చిన చోటి నుంచి మూయాలంటే ఒక్కొక్క గంటే.

వానాకాలం ఇంకో చిక్కు. మిథనాల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఎగరేయడం అయిపోయాక ఇంధనం గొట్టం నొక్కి, మిగిలింది పూర్తిగా కాలి ఇంజన్ దానంతటదే ఆగేలా చేయాలి. తర్వాత కార్బొరేటర్‌లో కొన్ని చుక్కలు, బ్రీదర్‌లో కొన్ని చుక్కలు పలచని మెషిన్ ఆయిల్ వేసి చేత్తో తిప్పాలి. లేకపోతే వెనక బేరింగుకు తుప్పు పడుతుంది, నెల తర్వాత గరగర వినిపిస్తుంది. ఆముదం ఎక్కువ వాడిన వాళ్లకు ఈ బాధ తక్కువ, దాని పొర లోహాన్ని కప్పి ఉంచుతుంది. కానీ అదే ఆముదం చిక్కబడి పంకా బిగుసుకుంటుంది. బలవంతం చేయకుండా సిలిండర్‌కు కాస్త వెచ్చదనం చూపితే వదులుతుంది.

ఎక్కడ ఎగరేయాలి? ఆముదం, కంది కోతలైపోయాక చెలకలు ఖాళీగా ఉంటాయి. కరెంటు తీగలు, రోడ్డు, పశువుల మంద లేని చోటు చూసుకోవాలి. 2021 డ్రోన్ నియమాల కింద పచ్చ ప్రాంతంలో నాలుగు వందల అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఎర్ర ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో మీ ఊరు ఏ రంగులో ఉందో, మీ విమానం బరువుకు ఏ నిబంధనలు వర్తిస్తాయో చూశాకే బయలుదేరండి. కాలేజీలో ఎన్‌సీసీ వైమానిక విభాగం ఉన్న పిల్లలకు ఏరోమోడలింగ్ పాఠంలోనే ఉంటుంది, అక్కడ తీగతో కట్టి గుండ్రంగా తిప్పే విమానాలతో మొదలుపెడితే చేయి కుదురుతుంది. ఖర్చూ తక్కువే.

మొదటి రోజు ముప్పాతిక ట్యాంకుతో ఆరు నిమిషాలే ఎగరేయండి. దిగగానే ఎవరినీ పంకా ముందు నిలబడనివ్వకండి. పంకా నట్టు, ఇంజన్ బోల్టులు బిగువు చూడండి, కొత్త ఇంజన్‌లో అవి వదులవుతాయి. బ్రీదర్ గొట్టం కొస వేలితో తుడిచి చూడండి, తేట నూనె అంటితే ట్యాంకు నింపుకోవచ్చు. ఒక గంట ఎగిరాక మళ్లీ ఒకసారి ట్యాపెట్లు. ఆ తర్వాత ట్యాపెట్ల కోసం చాలాకాలం మూత విప్పే పని పడదు.